తడి నేలలో తీసిన కొలత

రాయని వాక్యం

ఇరవై ఏళ్లకు పైగా నేను మట్టిలో సూదులు గుచ్చి బతికాను. మోకాళ్లు అరిగిపోయి గుంటలోకి దిగలేని రోజు వచ్చాక, యాభై రెండేళ్లకే పని మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. చెప్పేవాణ్ని. ఒక్క సంగతి మాత్రం దాటేసేవాణ్ని. ఇప్పుడు దానితోనే మొదలుపెడతాను.

నేను రాసిన రిపోర్టుల్లో ఒకదానిలో ఒక వాక్యం ఉండాలి, లేదు. ఆ వాక్యం ఇది: గల్లీలో తీసిన మూడు కొలతలూ రంగుల కార్ఖానా ముందున్న తడి నేలలోనే తీశాను, మిగతా గల్లీ నేల ఎలా ఉందో నాకు తెలియదు. రాయడానికి రెండు నిమిషాలు పట్టేది. రాయకపోవడం వల్ల షోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో ఒక మనిషికి చేతిలో పని పోయింది, పేటలో పేరు పోయింది. ఆయన నర్సయ్య. నూలుకు రంగు వేసేవాడు. ఆయన ఇంటికి నాలుగు గల్లీల అవతలే నేను పుట్టి పెరిగాను.

పని ఏమిటంటే

కరెంటు కేబుల్‌ను నేలలో పాతితే అది వేడెక్కుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న మట్టిలోంచి బయటికి పోవాలి. మట్టి దారి ఇస్తే కేబుల్ బతుకుతుంది. అడ్డుపడితే తన వేడికి తానే ఉడికిపోతుంది. ఏ మట్టి వేడిని ఎంత అడ్డుకుంటుందో కొలిచి చెప్పడం మా పని. ఉష్ణ నిరోధకత అని దానికి పెద్ద పేరు ఉంది.

మా సాధనం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. సన్నటి ఉక్కు గొట్టం, లోపల వేడెక్కే తీగ, దాని పక్కనే ఎంత వేడెక్కిందో చెప్పే మరో తీగ. మేం దాన్ని సూది అనేవాళ్లం. కేబుల్ వేసే లోతు దాకా గుంట తవ్వి, అడుగున సూదికి సరిపోయే బెజ్జం చేసి, సూది దించి, బ్యాటరీ కలిపి, గడియారం చూస్తూ వేడి రాసుకోవాలి. ఆ అంకెల్ని మా పనికి వాడే గీతల కాగితం మీద పెడితే ఒక తిన్నని గీత వస్తుంది. గీత నిటారుగా లేస్తే మట్టి వేడిని పట్టి ఉంచుతోందని అర్థం. వాలుగా సాగితే వదిలేస్తోందని.

నేను చేరిన మొదటి రోజు, పుణేలో మా ల్యాబ్ పెద్ద దేశ్‌పాండే సాహెబ్ రెండు డబ్బాలు చూపించారు. రెండింట్లోనూ ఇసుకే, రెండింటి నడుమా ఒక్కో చిన్న బల్బు పాతి ఉంది. ఒక ఇసుక పొడిది, ఒకటి తడిది. బయటినుంచి చెయ్యి పెట్టి చూసి ఏ బల్బు ఎక్కువ ఉడుకుతోందో చెప్పమన్నారు. తడి డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. పొడి డబ్బా చల్లగా ఉంది. తడి డబ్బాలోదే ఎక్కువ ఉడుకుతోందన్నాను. ఆయన పొడి ఇసుకలోంచి బల్బు తీసి నా అరచేతి దగ్గర పెట్టారు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బయటికి వెచ్చగా తగిలిందంటే వేడికి దారి దొరికిందన్నమాట. చల్లగా ఉందంటే వేడి లోపలే ఇరుక్కుందన్నమాట. మట్టి రేణువుల మధ్య నీరుంటే వేడికి అది వంతెన, గాలి ఉంటే గోడ. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

నేను చేసిన చిన్న తప్పులు

మొదటి ఏడాది ఎండలో జీపులో కాలిపోయిన సూదిని తీసుకెళ్లి నేరుగా గుంటలో గుచ్చి గడియారం మొదలుపెట్టాను. వేడి పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది. కొత్తరకం మట్టి కనిపెట్టాననుకుని సంబరపడుతూ సాహెబ్‌కు కాగితం చూపించాను. సూదికి మట్టితో పరిచయం అయ్యేదాకా ఆగాలని, అప్పుడే అది మట్టి మాట చెబుతుందని, అంతవరకూ జీపు మాటే చెబుతుందని అన్నారు. పరిచయానికి ఎంతసేపు పడుతుందో నేనే కనుక్కోమని ఒక రోజంతా ఒకే గుంట దగ్గర కూర్చోబెట్టారు. విసుగు పుట్టలేదు. నేల లోపల ఎండాకాలం మధ్యాహ్నం కూడా వేడి ఎంత నిదానంగా కదులుతుందో ఆ రోజే చూశాను.

హోట్గి రోడ్‌లో నల్లరేగడిలో కొలిచినప్పుడు ఇంకో తప్పు. బెజ్జం వదులుగా పడింది. సూదికీ మట్టికీ మధ్య వెంట్రుకంత గాలి. గీత నిటారుగా లేచింది. మట్టి పనికిరాదని రాసేశాను. మట్టి మంచిదే. నేను కొలిచింది నా బెజ్జంలోని గాలిని.

ఇసుక గురించి ఒక మాట. కాంట్రాక్టర్లు నది ఇసుకను కడిగి, జల్లించి, మెరిసేలా తెచ్చి పోస్తారు. చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. రేణువులన్నీ ఒకే సైజు కాబట్టి వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి, నీరు జారిపోయాక గాలి నిండుతుంది. కంకర క్రషర్ దగ్గర పోగుపడే బూడిదరంగు పొడి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అందులో పెద్ద రేణువు పక్కన చిన్నది, దాని సందులో ఇంకా చిన్నది ఇమిడి ఉంటాయి. తడిపి దిమ్మిస కొడితే ఎండినా వేడికి దారి ఇస్తుంది. కంటికి నచ్చిన ఇసుకను నమ్మకండి.

పడుగులు పరిచిన గల్లీ

ఎనభైల చివర్లో దాజీ పేట్ పని వచ్చింది. పవర్‌లూమ్ కార్ఖానాల వాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడి, పెద్ద రోడ్డు నుంచి గల్లీ చివరి కార్ఖానాల దాకా నేలలో కేబుల్ వేయించుకుంటున్నారు. నేల కొలవాలి. మన ఊరే కదా అని సాహెబ్ నన్నే పంపారు.

పెద్ద రోడ్డు మీద రెండు చోట్ల కొలిచాను. ఎండిన మొరం మట్టి, గీత నిటారుగా లేచింది. అక్కడ కేబుల్ చుట్టూ క్రషర్ పొడి వెయ్యాలని రాశాను. తర్వాత గల్లీలోకి వచ్చాను. గల్లీ మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి, మూడు గుంటలు తవ్వాలని నియమం.

పొద్దున్నే వెళ్తే గల్లీ నిండా పడుగులు. చేనేత మగ్గాల వాళ్లు కర్రల మీద నూలు సాగదీసి గంజి పెడుతున్నారు. పొడవాటి బ్రష్షుతో ఇటునుంచి ఇద్దరు, అటునుంచి ఇద్దరు నడుస్తున్నారు. గంజి తడి మీద దుమ్ము పడితే ఆ పడుగు పని అయిపోయినట్టే, మగ్గమెక్కాక పోగు పోగూ తెగుతుంది. మా నాన్న పడుగు పక్కన ఎవరైనా చెప్పులీడ్చుకుంటూ నడిస్తే ఆయన నోరు ఎలా లేచేదో నాకు తెలుసు. అలాంటి చోట గడ్డపారతో ఎండు మొరం తవ్వడానికి నాకు చెయ్యి ఆడలేదు. అడగను కూడా లేదు. బయటివాడైతే అడిగేవాడు, తిట్లు తిని అయినా మధ్యాహ్నం పడుగులు ఎత్తేదాకా కూర్చుని తవ్వేవాడు.

గల్లీలో పడుగులు లేని చోటు ఒక్కటే ఉంది. నర్సయ్య రంగుల కార్ఖానా ముందు ఇరవై అడుగుల జాగా. రంగు తొట్లలో నూలు ముంచి, జాడించి, ఆ నీళ్లన్నీ వీధిలోకే వదిలేవాడు. ఎప్పుడూ తడి, ఎర్రగా నీలంగా బురద. అక్కడ పడుగు పరిస్తే కాళ్లు జారతాయి కాబట్టి ఎవరూ పరచరు. నాకు అది ఖాళీ జాగాలా కనబడింది. ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించలేదు. మూడు గుంటలూ అక్కడే తవ్వాను.

నర్సయ్య నూలు ఆరేస్తూ నన్ను గుర్తుపట్టి పలకరించాడు. మోచేతుల దాకా నీలం. మట్టికి జ్వరం చూస్తున్నావా అని హాస్యమాడాడు. ఆయన భార్య లచ్చవ్వ గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాలాసేపు చూసి అడిగింది.

"ఏం చూస్తున్నవ్ రాజేశం, గా గుంతల?"

"నేల వేడిని ఎట్ల తట్టుకుంటదో చూస్తున్న అత్తమ్మా. ఇక్కడ మంచిగుంది."

"నేల మంచిదెక్కడిది? ఈ తడి నేలది కాదు కొడుకా, మా తొట్లది. నాలుగడుగులు పక్కకు పోయి తవ్వు, దుమ్ము లేస్తది. దివాళికి పని బంద్ వెడితే గీడ గూడ దుమ్మే."

నేను నవ్వాను. గీత అప్పటికే కాగితం మీద పడింది. అంత తిన్నని, అంత వాలైన గీత ఆ ఏడాది నాకు ఎక్కడా రాలేదు. గల్లీ నేల బాగుంది, తవ్విన మట్టినే జల్లించి తిరిగి వెయ్యొచ్చు అని రాశాను. గుంటలు ఎక్కడెక్కడ తవ్వావని సాహెబ్ అడిగితే నియమం ప్రకారమే అన్నాను. నా మాట మీద ఆయన సంతకం పెట్టారు.

రంగు ఉన్న చోటు, లేని చోటు

మరుసటి వేసవిలో, మగ్గాలన్నీ రెండు షిఫ్టులు నడుస్తున్న రోజుల్లో, గల్లీలో కేబుల్ పేలింది. పవర్‌లూమ్‌లు ఆగిపోయాయి. చద్దర్లు సగం నేసి మగ్గాల మీద అలాగే ఉండిపోయాయి. నన్ను పిలిపించారు.

తవ్వించాను. ఇది మీరు జాగ్రత్తగా చదవాలి. నర్సయ్య వాకిలి ముందు, కేబుల్ కోసం తవ్విన కాలువలో మట్టి రంగురంగులుగా ఉంది. తవ్వి పూడ్చిన మట్టి వదులుగా ఉండడంతో రంగునీళ్లు కాలువ వెంట పల్లానికి కొంతదూరం పాకాయి. గుంట చుట్టూ చేరిన జనానికి కనబడింది ఆ రంగే. నాకు ఇంకొకటి కనబడింది. రంగు ఉన్నంత దూరం కేబుల్ చెక్కుచెదరలేదు. పై తొడుగు మీద మరక ఉంది, అంతే. రంగు ఆగిపోయిన చోట మట్టి మామూలు రంగుకు వచ్చింది. అక్కణ్నుంచి పది అడుగుల్లో కేబుల్ కాలి నల్లబడి ఉంది. దాని చుట్టూ మట్టి వేయించిన రవ్వలా వేళ్ల మధ్య నుంచి రాలిపోయింది.

నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆ మట్టిని రెండు సంచుల్లో పుణే తీసుకెళ్లి, సెలవు రోజున ల్యాబ్‌లో ఒక్కణ్నే కూర్చుని కొలిచాను. తడిపి కొలిచాను, కొంచెం ఆరబెట్టి కొలిచాను, పూర్తిగా ఎండబెట్టి కొలిచాను. ఎండినకొద్దీ గీత లేస్తూ వచ్చింది. పూర్తిగా ఎండినప్పుడు నేను రిపోర్టులో రాసిన అంకెకు మూడింతలు దాటింది. కేబుల్ వేడికి మట్టి ఎండుతుంది, ఎండిన మట్టి వేడిని ఇంకా అడ్డుకుంటుంది, దాంతో కేబుల్ ఇంకా వేడెక్కుతుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు సాయంత్రం దాకా నాకు భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. పుస్తకంలో చదివిన సంగతి మా పేట మట్టిలో కళ్లముందు జరిగింది. నర్సయ్య నీళ్లు ఆ మేరకు కేబుల్‌ను కాపాడాయి.

వారం తర్వాత సంఘం వాళ్లు పేట పెద్దలతో కలిసి కూర్చున్నారు. అధ్యక్షుడు మల్లేశం సేట్. నర్సయ్య ఓ మూల నిలబడ్డాడు. రంగుల్లో యాసిడ్ ఉంటుందని, అదే కేబుల్‌ను తినేసిందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. మల్లేశం సేట్ నావైపు తిరిగాడు.

"రాజేశం, నువ్వు సదువుకున్నోనివి. రంగునీళ్లతోటేనా ఇదంత?"

నర్సయ్య నావైపు చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు. మనవాడు ఉన్నాడు, సరిగ్గా చెబుతాడు అన్న ధీమా ఉంది.

"ఉండచ్చు" అన్నాను.

అంతే. నా ఉద్యోగం, ల్యాబ్ పేరు, సాహెబ్ సంతకం అన్నీ ఆ మాట వెనక దాక్కున్నాయి. పేట పెద్దలు తీర్మానం చేశారు. ఇకమీదట ఎవరూ నర్సయ్యకు నూలు ఇవ్వకూడదు. జరిమానా వేసి ఉంటే కట్టేవాడు. నూలు ఇవ్వకపోతే రంగు వేసేవాడికి ఏమీ మిగలదు.

ఇంకో ఘోరం ఉంది. గల్లీ మొత్తం తవ్వించి కేబుల్ చుట్టూ క్రషర్ పొడి వేయమని నేనే రాశాను. కారణం రాయలేదు, జాగ్రత్త కోసమని రాశాను. పొడి వేశారు. అప్పటికే నర్సయ్య తొట్లు ఎండిపోయాయి. కేబుల్ మళ్లీ చెడిపోలేదు. చూశారా, రంగునీళ్లు ఆగాయి, కేబుల్ బాగుపడింది అని పేటంతా అనుకుంది. నేను చేయించిన మరమ్మతే ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. నర్సయ్య ఆ కార్ఖానా వదిలేసి ఊరి ఆ చివర నీలం నగర్‌కు వెళ్లిపోయాడు. వేరేవాళ్ల పవర్‌లూమ్ మీద కూలికి నిలబడ్డాడని విన్నాను. నేను అటువైపు వెళ్లడం మానేశాను.

పాఠంగా మారిన గీత

పని మానుకునే ముందు ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు రోజులు పాఠం చెప్పమన్నారు. అప్పటికే విశ్రాంతిలో ఉన్న దేశ్‌పాండే సాహెబ్ కూడా వచ్చారు. మంచి కొలత ఎలా ఉండాలో చూపించడానికి ఆయన గోడకు ఒక కాగితం అంటించారు. నా దాజీ పేట్ గీత. అన్ని బిందువులూ దారం మీద గుచ్చినట్టు వరుసగా ఉన్నాయి. ఇంత శ్రద్ధగా కొలిచినవాడు రాజేశమేనని ఆయన అందరిముందూ చెప్పారు.

కొత్తవాళ్లు ఆ గీతను తమ పుస్తకాల్లోకి దించుకుంటున్నారు. అది చూస్తూ ఉండలేకపోయాను. సాహెబ్‌ను వరండాలోకి తీసుకెళ్లి మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. తర్వాత ఒక్కటే అడిగారు, ఆ రంగులాయన బతికే ఉన్నాడా అని. ఉన్నాడన్నాను. అయితే నాకెందుకు చెబుతున్నావు అన్నారు. లోపలికి వెళ్లి కాగితం చింపుతారనుకున్నాను. చింపలేదు. దాని కింద నా చేతనే రాయించారు: కొలత సరైనది, చోటు తప్పు.

కొత్తవాళ్లకు ఇప్పుడు నేను చెప్పగలిగింది కూడా అదే. సూది తను ఉన్న చోటు గురించే చెబుతుంది, చుట్టుపక్కల గురించి చెప్పదు. ఆ నేల ఎందుకు తడిగా ఉందో, ఎప్పుడు ఎండుతుందో అక్కడ గడపలో కూర్చున్న మనిషికి తెలుస్తుంది. లచ్చవ్వ చెప్పిన నాలుగు మాటలు నా గీత కన్నా నిజమైన రిపోర్టు. గుంట తవ్వేముందు ఈ చోటు నాకు ఎందుకు దొరికింది అని అడగండి.

నీలం నగర్

పని మానుకున్న కొన్నాళ్లకు గానీ నాకు వెళ్లే ధైర్యం రాలేదు. నీలం నగర్‌లో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నర్సయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మామూలు రంగుకు వచ్చేశాయి. ఎప్పుడూ నీలంగా చూసిన ఆ చేతులు మరెవరివో అనిపించాయి. లచ్చవ్వ నీళ్లిచ్చి, నా ముఖం వంక చూడకుండా మళ్లీ బీడీల ముందు కూర్చుంది.

చెప్పాను. పడుగుల సంగతి, మూడు గుంటల సంగతి, రంగు ఆగిన చోట కేబుల్ కాలిన సంగతి, పుణేలో కొలిచిన సంగతి, అన్నీ తెలిసి కూడా ‘ఉండచ్చు’ అన్న సంగతి. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగాడు.

"ఖరే చెప్పు, ఉన్నదున్నట్టు. నా నీళ్లు దాన్ని తిన్నయా, తినలేదా?"

"తినలే మామా. మీ నీళ్లున్నంత దూరం అది మంచిగుండె."

ఆయన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "నేను గూడ పేటోళ్లు అన్నదే ఖరే అనుకున్న ఇన్ని దినాలు. యాసిడ్ జర ఎక్కువేసిన్నేమో, నాదే తప్పేమో అని."

ఇది నేను ఊహించని దెబ్బ. పేట నమ్మిందని తెలుసు. ఆయనే నమ్మాడని తెలియదు. కిందికి వంగి కాళ్లు పట్టుకోబోయాను. లచ్చవ్వ చాట పక్కన పెట్టింది.

"ఇంట్ల కాళ్లు మొక్కితే ఎవరికి ఎరుక రాజేశం? నువ్వు ఆ మాట అన్నది నలుగుర్ల. ఆడ్నే పోయి చెప్పు."

నర్సయ్య ఆమెను వద్దనలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున సంఘం వాళ్లను, పేట పెద్దలను అదే గదికి రమ్మని బతిమాలాను. మల్లేశం సేట్ వయసు మీద పడి కర్ర పట్టుకుని వచ్చాడు. పాత సంగతి ఇప్పుడెందుకని ఇద్దరు ముగ్గురు గొణిగారు. నర్సయ్య, లచ్చవ్వ వచ్చారు. ఈసారి ఆయన్ని మూలన నిలబెట్టలేదు, ముందు వరసలో కుర్చీ వేశాను. రెండు చిన్న గిన్నెల్లో ఆ గల్లీ మట్టి తెచ్చాను, ఒకటి తడిది, ఒకటి పొడిది. ముందు వాటిని అందరి చేతుల్లోకీ పంపించాను. ముట్టుకుని చూశారు. వేడి ఎందులోంచి పోతుందో, ఎందులో ఇరుక్కుంటుందో అర్థమయ్యేదాకా వివరించాను. తర్వాత నర్సయ్య కుర్చీ ముందుకు వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాను.

"పెద్దలు ఆనాడు నన్ను అడిగిండ్రు. నేను ‘ఉండచ్చు’ అన్న. అది అబద్ధం, అన్నప్పుడే నాకు ఎరుక. నర్సయ్య మామ రంగునీళ్లు కేబుల్‌ను ఖరాబ్ చెయ్యలే. తడి జాగల కొలిచి గల్లీ అంత గట్లనే ఉన్నదని రాసింది నేను. మామ పని పోయింది నా రాతతోటి, నా మాటతోటి. పోయిన ఏండ్లు నేను తెచ్చియ్యలేను. మామా, అత్తమ్మా, మీకు నేను ద్రోహం చేసిన. మాఫ్ చెయ్యమని అడుగుతున్న."